నియంత్రిత పొంగు

మా ఊళ్ళో పాలు పొంగడం నేరమైన ఏడాది, మొదటి వారంలోనే దొరికిపోయిన వాళ్ళలో నేనొకణ్ణి.

నేరం అన్న మాట మండలి వాడలేదు. మండలి మర్యాద తెలిసిన సంస్థ. "పరధ్యాన ఘటన" అంది. గృహ జ్వాలా సంరక్షణ మండలి అని దాని పూర్తి పేరు. ఇళ్ళల్లో గ్యాసు పొయ్యిని ప్రమాదం లేకుండా, వృథా లేకుండా వాడటం జనానికి నేర్పడానికి పెట్టారు. మొదట్లో అది నేర్పినవన్నీ మంచి మాటలే. మంట నీలంగా ఉండాలి. పసుపుపచ్చగా ఉందంటే బర్నరు కన్నాలు మూసుకుపోయినట్టు, వాటిని శుభ్రం చేసుకోవాలి. మంట గిన్నె అడుగు దాటి పక్కలకు ఎగబాకకూడదు, అలా ఎగబాకిన మంట వంటింటి గాలిని ఉడికిస్తుంది తప్ప కూరని కాదు. మూత పెట్టి వండాలి. పప్పు ముందే నానబెట్టాలి. కుక్కరు కూత పెట్టాక మంట తగ్గించాలి. రబ్బరు గొట్టం పగిలిందేమో చూసుకుంటూ ఉండాలి. పడుకోబోయే ముందు రెగ్యులేటరు కట్టెయ్యాలి. వీటన్నిటినీ రంగుల కాగితం మీద అచ్చువేసి ఇంటింటికీ పంచారు. జనం ఆ కాగితాన్ని శ్రద్ధగా మడిచి, నూనె మరకలు గట్టుకు అంటకుండా పొయ్యి కింద పరుచుకున్నారు.

కొన్నాళ్ళకు మండలి సమీక్షా సమావేశం జరిపింది. ప్రమాదాలు తగ్గలేదు. సూచనలు సరిగ్గానే ఉన్నాయి, పొయ్యిలూ సరిగ్గానే ఉన్నాయి, కాబట్టి లోపం మూడోదానిలో ఉండి తీరాలి అని తేల్చారు. మూడోది మనిషి. మనిషిలో కూడా చేతుల్లో కాదు, మనసులో. ఆ సాయంత్రమే నిబంధన వెలువడింది: "వెలుగుచున్న పొయ్యి ముందున్న వ్యక్తి యొక్క మనస్సు, సదరు పొయ్యి పైననే ఉండవలెను."

నేను ముప్ఫై ఏళ్ళు కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెప్పినవాణ్ణి. ఆ వాక్యం చదివి నవ్వుకోవాల్సింది. కానీ భయపడ్డాను. మనసుకొక చిరునామా ఉంటుందని నమ్మే మనిషితో వాదించవచ్చు. అదే నమ్మే సంస్థతో వాదించడానికి కుర్చీ కూడా దొరకదు.

నా భయానికి ఇంకో కారణం ఉంది. నేను ఒంటరిగా ఉంటాను. ఎవరో వదిలేసి వెళ్తే ఒంటరినైనవాణ్ణి కాను, ఏరికోరి ఒంటరిగా ఉన్నవాణ్ణి. తెల్లవారుజామున, వీధిలో ఇంకా ఎవరి గొంతూ లేవకముందు, పొయ్యి మీద కాఫీకి పాలు పెట్టుకుని, వాటి ముందు నిలబడి నా ఆలోచనల్లో నేనుండటం నా రోజు మొత్తానికీ నాకున్న ఒకే ఒక్క సుఖం. మిగతా రోజంతా ఆ కాఫీ తాలూకు తోకే. ఆలోచన బాగుంటే పాలు పొంగుతాయి. పాలు పొంగకుండా ముగిసిన ఆలోచనను నేను పెద్దగా లెక్కలోకి తీసుకోను.

మండలి వాళ్ళ ఘ్రాణ దళం ఉదయం పూట వీధుల్లో వాసన చూసుకుంటూ తిరిగేది. మాడిన పాల వాసన ఏ కిటికీలోంచి వస్తే ఆ తలుపు తట్టేది. నా తలుపు తట్టింది.

*

విచారణాధికారి మార్కండేయులు గారు. మండలిలో ఏకాగ్రత విభాగానికి ఉప సంచాలకులు. నుదుట సన్నటి విబూది, చేతిలో మూత తీసిన కలం. ఆయన గదిలో గోడ మీద ఒక పెద్ద నీలం మంట బొమ్మ ఉంది. దాని ఎదురుగా కూర్చోబెట్టారు నన్ను.

"లెక్చరరు గారూ, తమరు విద్యావంతులు. కాబట్టి సూటిగానే అడుగుతాను. సంఘటన జరిగిన సమయంలో, అనగా క్షీరము పాత్ర యొక్క అంచును అతిక్రమించిన సమయంలో, తమ మనస్సు ఎక్కడ ఉన్నది?"

నాకు అబద్ధం ఆడటం రాదు. వృత్తిలో అలవాటు పోయింది.

"కిటికీ మీద బల్లి తోక తెగిపడి ఉందండి. అది ఇంకా కొట్టుకుంటోంది. బల్లి వెళ్ళిపోయింది. ఆ తోక తనే బల్లిననుకుంటోందేమో అని ఆలోచిస్తున్నాను."

మార్కండేయులు గారు రాసుకున్నారు. రాస్తూ గట్టిగా చదివారు. "మనస్సు, బల్లి తోక వద్ద. కిటికీకి పొయ్యికి మధ్య దూరము?"

"రెండడుగులు ఉంటుందండి."

"రెండడుగులు." ఆయన ముఖం కొంచెం తేటపడింది. "అయితే మరీ దూరం పోలేదు. కొందరి మనస్సులు దుబాయిదాకా పోయినవి ఉన్నాయి. తమది స్వల్ప పరధ్యానము."

"పొంగిన తర్వాత వెంటనే పొయ్యి కట్టేసి తుడిచానండి."

"అది హస్తముల పని. మా విభాగమునకు సంబంధించదు." ఆయన కలం మూత పెట్టారు. "ఈసారికి హెచ్చరిక. రెండవసారి ఇదే ఘటన జరిగినచో నిబంధన ప్రకారం తమ పొయ్యిని స్వాధీనం చేసుకుని, తమరిని సహపంక్తి భోజనశాలకు జతపరచడం జరుగుతుంది."

సహపంక్తి భోజనశాల అంటే, పొయ్యి పోగొట్టుకున్న వాళ్ళకోసం మండలి నడిపే హాలు. పొడుగాటి బల్లలు. మూడు పూటలా అక్కడే తినాలి, కాఫీ కూడా అక్కడే తాగాలి. ఒంటరి ఆలోచనే పరధ్యానానికి మూలం కాబట్టి, భోజనం చేస్తున్నంతసేపూ పక్కవాళ్ళతో మాట్లాడటం తప్పనిసరి. మాట్లాడని వాళ్ళ దగ్గరికి ఒక ఉద్యోగి వచ్చి వాతావరణం గురించి ఎత్తుకుంటాడని విన్నాను.

ఆ రాత్రి నాకు బల్లలూ, వాటి వెంట వరసగా నోళ్ళూ కలలోకి వచ్చాయి.

*

మనసు ఎక్కడుంది అన్న ప్రశ్నను మండలి ఎంతోకాలం నిలుపుకోలేకపోయింది. అది ఎందుకు పోయిందో నేను కళ్ళారా చూశాను. హెచ్చరిక కాగితం మీద సంతకం పెట్టడానికి వెళ్ళిన రోజు, పక్క గదిలో ఒకావిడను విచారిస్తున్నారు. వరహాలమ్మ అని పిలిచారు. పప్పు మాడింది. విచారించే కుర్రాడు కొత్తగా చేరినవాడు.

"అమ్మా, పప్పు మాడిన సమయంలో తమ మనస్సు ఎక్కడ ఉన్నది?"

"నా మనసా?"

"అవునమ్మా."

ఆవిడ చేతిలోని సంచీ కింద పెట్టింది.

"పెళ్ళయిన నాటినుంచీ ఈ మాట నన్ను ఎవరూ అడగలేదు బాబూ. ఆ కుర్చీ ఇలా లాగు. కూర్చుని చెప్తాను."

పొద్దు వాలేదాకా చెప్పింది. మొదట ఆ కుర్రాడు రాసుకున్నాడు. తర్వాత రాయడం మానేశాడు. తర్వాత వాడి కళ్ళు తడవడం నేను తలుపు సందులోంచి చూశాను. మర్నాడు ఆవిడ వీధి వీధంతా పప్పు మాడ్చుకుని వచ్చింది. ఆ మర్నాడు మండలి వాకిట్లో క్యూ మలుపు తిరిగింది. "ఏమే, నీదేం మాడింది?" "పులుసు. నీది?" "నాదింకా మాడలేదు, మీ గిన్నె ఒకసారి ఇస్తావా?" అని ఆడవాళ్ళు ఒకరినొకరు పలకరించుకుంటున్నారు. ఆ కుర్రాడు సెలవు పెట్టేశాడు. అతని బదులు వచ్చినవాడు మూడోరోజుకి ఇంటికి పోయి వాళ్ళమ్మ కాళ్ళ దగ్గర కూర్చున్నాడని చెప్పుకున్నారు.

దాంతో మండలి కొత్త సిద్ధాంతానికి వచ్చింది. ఒక మనిషి మనసు ఎక్కడుందో కనుక్కోవడం ఆచరణసాధ్యం కాదు. అంతకన్నా, పొయ్యి దగ్గర ఇంకో మనసును ఉంచడం తేలిక. కుటుంబాలున్నచోట ఆ రెండో మనసు ఇంట్లోనే దొరుకుతుంది. ఒంటరి వాళ్ళకు మాత్రం మండలి సమకూరుస్తుంది. దానికి "జ్వాలా సాక్షి" అని పేరు పెట్టారు. సాక్షి సమక్షంలో తప్ప ఒంటరి వ్యక్తి పొయ్యి వెలిగించరాదు.

నాకు సాక్షిగా గవర్రాజు వచ్చాడు.

*

గవర్రాజు రిటైరైన ఆర్టీసీ కండక్టరు. మా ఎదురు వాటాలోనే ఉంటాడు. ఇన్నేళ్ళలో మేం మాట్లాడుకున్నది రెండు మూడు మాటలు. మొదటిరోజు చొక్కా మీద మండలి బిళ్ళ పెట్టుకుని తెల్లవారుజామునే తలుపు తట్టాడు.

"మేష్టారూ, బండి ఎక్కొచ్చా?"

వంటిల్లు ఇరుకు. నేను పొయ్యి ముందు, అతను గుమ్మంలో.

"కాస్త లోపలికి జరగండి మేష్టారూ. లోపల బోలెడంత ఖాళీ. అందరూ ఫుట్‌బోర్డు మీద నిలబడితే ఎలా?"

"ఇక్కడ మనిద్దరమే ఉన్నామండీ."

"ఇద్దరయినా రూలు రూలే. ఊఁ, రైట్ రైట్! వెలిగించండి."

మండలి అతనికి ఒక ఈల కూడా ఇచ్చింది, పాలు అంచుకు రాగానే ఊదమని. మొదటి పూటే వెనక్కి తీసుకున్నారు. ఊళ్ళో సాక్షులందరూ ఊదితే, ఆడవాళ్ళు కుక్కరు కూతలనుకుని ఉడకని పప్పులు దించేశారట. అందుకని గవర్రాజు బస్సాపే తన పాత ఆయుధమే వాడాడు. పాలు అంచుకు రాగానే గుండె గతుక్కుమనేలా అరిచేవాడు, "హోల్డాన్!" అని. నేను మీట తిప్పేసేవాణ్ణి.

ఒక శాస్త్ర సత్యం అప్పుడు నా వంటింట్లోనే రుజువైంది. నా దృష్టి పాల మీద లేదు, నన్ను చూస్తున్న గవర్రాజు మీద ఉంది. గవర్రాజు దృష్టి పాల మీద లేదు, తను చెప్తున్న కథ మీద ఉంది. ఎందుకంటే అతను నోరు మూసుకుని నిలబడలేడు. నిలబడితే కాళ్ళు లాగుతాయట, మాట్లాడుతుంటే లాగవట.

"మా రూట్లో ఒకావిడ ఎక్కేది మేష్టారూ. రోజూ ఆఖరి స్టేజీకే టికెట్టు తీసుకునేది. ఒక్కనాడూ ఆఖరిదాకా రాలేదు. మధ్యలో, ఇళ్ళూ వాకిళ్ళూ ఏవీ లేనిచోట, సమాధుల దొడ్డి దాటాక ఒక మలుపు ఉంటుంది చూడండి, అక్కడ దిగిపోయేది."

"ఎందుకూ?"

"అదే చెప్తున్నా. ఒకరోజు ఉండబట్టలేక నేనే అడిగాను. అమ్మా, ఇక్కడ దిగేదానివి అంతదాకా టికెట్టెందుకు అన్నాను. అప్పుడావిడ నాకేసి చూసి... హోల్డాన్!"

నేను పొయ్యి కట్టేశాను. కాఫీ కలిపాను. అతను తాగి, "రైట్" అని వెళ్ళిపోయాడు. పాలు దిగాక సాక్షి ఉండాల్సిన పని లేదని అతను నిబంధనను అక్షరాలా పాటించేవాడు.

మర్నాడు కథ మళ్ళీ మొదటినుంచి ఎత్తుకునేవాడు. ప్రతిరోజూ సరిగ్గా ఆవిడ అతనికేసి చూసేసరికి పాలు లేచేవి. కథ మొదట్లో వర్ణనలు తగ్గించమని చెప్పాను. "ఎక్కించకుండా దింపేస్తానా మేష్టారూ?" అన్నాడు. మంట ఇంకా తగ్గించి చూశాను. అతను కథను కూడా అంతకు తగినట్టు సాగదీశాడు.

నా ఆలోచనలు నన్ను వదిలిపోయాయి. వాటి చోట ఒక ముఖం తెలియని ఆడమనిషి బస్సు దిగుతూ ఉండేది. నేను గవర్రాజును ద్వేషించాను. పైకి మర్యాదగానే ఉన్నాను. ద్వేషంలో మర్యాద ఎంత నిలకడగా ఉంటుందో మా పుస్తకాల్లో కూడా ఉంది.

*

అప్పుడు మార్కండేయులు గారు మా ఇంటికి వచ్చారు. ఒక అధికారి మన ఇంటికి స్వయంగా వచ్చాడంటే, ఆయన ఏదో ఇబ్బందిలో ఉన్నాడని అర్థం. ఆయన కుర్చీ అంచున కూర్చున్నారు. గవర్రాజు గుమ్మంలోనే ఉన్నాడు.

"లెక్చరరు గారూ, మండలికి కొత్త భవనం పూర్తయిన సంగతి తమకు తెలిసే ఉంటుంది. గృహప్రవేశము... అదే, కార్యాలయ ప్రవేశము ఎల్లుండి."

"సంతోషమండి."

"ప్రవేశమన్నప్పుడు..." ఆయన గొంతు సవరించుకున్నారు. "పాలు పొంగించాలి గదా."

నేను గవర్రాజు వైపు చూశాను. గవర్రాజు గోడ వైపు చూశాడు, నవ్వు కనపడకుండా.

"పొంగించకుండా ప్రవేశిస్తే?" అన్నాను.

"ఎలా ప్రవేశిస్తామండీ? అధ్యక్షుల వారి భార్యగారు మొదట్లోనే స్పష్టం చేశారు. పాలు పొంగాలి, అదీ తూర్పు వైపుకు పొంగాలి. కాని మా ఉద్యోగుల్లో ఎవరు పొంగించినా అది పరధ్యాన ఘటన అవుతుంది. అధ్యక్షుల వారు పొంగిస్తే అధ్యక్షుల వారి పరధ్యానము అవుతుంది. మేము న్యాయ విభాగాన్ని సంప్రదించాము. ఏకాగ్రతతో పొంగించవచ్చునా అని అడిగాము. ఏకాగ్రత ఉండగా పొంగితే అది నిర్లక్ష్యం కాదు, ఉద్దేశపూర్వక చర్య, ఇంకా పెద్దది అన్నారు."

"మరి?"

"అందుచేత, పూర్వానుభవము గల వ్యక్తి కావాలి. ఒక హెచ్చరిక ఇప్పటికే పొంది ఉన్నవారు. పొంగు వారి పేరు మీద జరుగుతుంది, శుభము మండలికి దక్కుతుంది. దీన్ని మేము నియంత్రిత పొంగు అని నామకరణం చేశాము."

"నా పేరు మీద రెండోసారి పొంగితే నా పొయ్యి పోతుంది గదండీ."

"ముహూర్తంలో పొంగితే పోదు. తమ హెచ్చరిక రద్దు చేసి, సాక్షిని కూడా ఉపసంహరిస్తాము. తమరు మునుపటి వలె ఏకాంతంగా కాఫీ కాచుకోవచ్చు. ముహూర్తం దాటి పొంగినా, అసలు పొంగకపోయినా..." ఆయన చేతులు రెండూ తిప్పి చూపించారు. "భోజనశాలలో చోటు ఉన్నది. కిటికీ పక్కన ఇప్పిస్తాను."

"మేష్టారు పొంగిస్తారండీ," అన్నాడు గవర్రాజు గుమ్మంలోంచి. "ఆయనకది చిటికెలో పని. నేను అరవకుండా ఉంటే చాలు."

*

కొత్త భవనంలో వంటగది లేదు. సమావేశ మందిరం మధ్య బల్ల మీద కొత్త పొయ్యి పెట్టారు. కింద కొత్త సిలిండరు. పొయ్యికి కుంకుమ బొట్లు, రెగ్యులేటరుకు చామంతి దండ. ధూళి రాకుండా కిటికీలన్నీ మూశారు. చుట్టూ మండలి సిబ్బంది అందరూ వలయంగా నిలబడ్డారు. నాకు ఎదురుగా అధ్యక్షుల వారు, ఆయన భార్యగారు. నా వెనక గవర్రాజు, బిళ్ళ పెట్టుకుని. పురోహితుడు అవధాని గారు హారతి పళ్ళెంలో కర్పూరం సర్దుకుని, అగ్గిపెట్టె పక్కన పెట్టుకున్నారు.

వెలిగింపు విభాగం వారు పొయ్యి వెలిగించి సంతకం పెట్టారు. నేను పసుపు దారం కట్టిన కొత్త ఇత్తడి గిన్నెలో పాలు పోసి పొయ్యి మీద పెట్టి మంట పెంచబోయాను.

"ఆగండి," అన్నారు నిలకడ విభాగం వారు. "మంట గిన్నె అడుగు దాటుతోంది. ఇది మండలి కార్యాలయం."

మంట తగ్గించారు.

"మూత," అన్నారు ఇంకొకరు. "మూత లేకుండా కాచితే ఇంధనం వృథా."

మూత పెట్టారు. మూత పెడితే పొంగు కనపడదని అధ్యక్షుల భార్యగారు అన్నారు. తీశారు. మూత తీసినందుకు మంట ఇంకా తగ్గించాలని ఎవరో గుర్తుచేశారు. తగ్గించారు. బర్నరు చుట్టూ చిన్న నీలం చుక్కలు మాత్రం మిగిలాయి. మండలి కాగితం మీద ఉన్న బొమ్మ కన్నా అందంగా ఉన్నాయి. పాలు వాటి మీద హాయిగా పడుకున్నాయి.

అందరూ చూశారు. ఊళ్ళో ఇంత ఏకాగ్రత ఒక గిన్నె మీద ఎన్నడూ పడి ఉండదు. పాలు మీగడ కట్టాయి. ఒక బుడగ లేచింది. అందరూ ఊపిరి బిగబట్టారు. బుడగ పగిలింది.

"ముహూర్తం దాటబోతోంది," అన్నారు అవధాని గారు.

"లెక్చరరు గారూ," మార్కండేయులు గారు నా చెవి దగ్గర గుసగుసగా అన్నారు, "తమరు కాస్త పరధ్యానంగా ఉండే ప్రయత్నం చేయండి."

ప్రయత్నించాను. అంత కష్టమైన పని నేను జీవితంలో చెయ్యలేదు. బల్లి తోకను పిలిచాను, రాలేదు. భోజనశాల బల్లలు కనపడ్డాయి. పరధ్యానంగా ఉండాలన్న ధ్యాస ఉన్నంతసేపూ పరధ్యానం రాదు, నిద్రపోవాలని పట్టుబట్టినవాడికి నిద్ర రానట్టే. చెమట పట్టింది. చుట్టూ ఉన్న కళ్ళన్నీ పాల మీంచి నా మీదికి మారాయి.

చివరికి అధ్యక్షుల భార్యగారే విసుక్కున్నారు. "ఇదేం చోద్యమండీ, ఇంత సన్న సెగ మీద పాలు పొంగుతాయా ఎక్కడైనా? పెంచండి!"

ఎవరు పెంచారో తెలియదు. అది తర్వాత విచారణలో కూడా తేలలేదు. మంట ఒక్కసారి లేచింది. సరిగ్గా అప్పుడే నా వెనకనుంచి గవర్రాజు చిన్నగా అన్నాడు, "మేష్టారూ, ఆవిడ నాకేసి చూసి ఏమందంటే..."

నేను వెనక్కి తిరిగాను.

పాలు పొంగాయి. తూర్పుకు, పడమరకు, అధ్యక్షుల వారి చెప్పుల మీదికి. చప్పట్లు మోగాయి. భార్యగారు దణ్ణం పెట్టుకున్నారు. ఫొటోలు తీశారు. పాలు బర్నరు మీదుగా కారి, చుయ్యిమని, మంట ఆరిపోయింది.

మంట ఆరిన సంగతి అందరూ చూశారు. ఆరిన మంట కింద మీట తెరిచే ఉందన్న సంగతి మాత్రం ఎవరి పరిధిలోకీ రాలేదు. వెలిగింపు విభాగం పని వెలిగించడంతో అయిపోయింది. నిలకడ విభాగానికి నిలపడానికి మంట లేదు. ముందు నా ముక్కుకు తెలిసింది. పాత ఉల్లిపాయలా, కుళ్ళిన గుడ్డులా, ఆ వాసన.

"మీట కట్టండి," అన్నాను.

ఆర్పు విభాగం అధికారి నావైపు జాలిగా చూశారు. "మా విభాగం మనిషి ఆర్పిన మంటకు మాత్రమే బాధ్యత వహిస్తుందండీ. ఇది దానంతట అది ఆరింది."

"ఏదో వాసన వస్తోంది, ఫ్యాను వెయ్యండి," అన్నారు అధ్యక్షుల వారు. ఒక గుమాస్తా స్విచ్చుల వైపు పరుగెత్తాడు. ఇటు అవధాని గారు "హారతి, హారతి" అంటూ అగ్గిపుల్ల తీశారు.

నాది ఒంటరి మనిషి గొంతు, గట్టిగా అరవడం ఎప్పుడో మరిచిపోయింది. నేను గవర్రాజు ముఖంలోకి చూశాను. అతను నా ముఖం చూశాడు, అగ్గిపుల్ల చూశాడు.

"హోల్డాన్!"

జీవితమంతా బస్సులెక్కిన జనం వాళ్ళు. ఆ మాటకు ఎవరి కాళ్ళు వాళ్ళకు తెలియకుండా ఆగిపోయాయి. గుమాస్తా వేలు స్విచ్చుకు బెత్తెడు దూరంలో ఆగింది. అవధాని గారి పుల్ల పెట్టె మీద ఆగింది. ఆ నిశ్శబ్దంలో నేను రెండడుగులు వేసి మీట తిప్పాను. వంగి, చామంతి దండ తప్పించి రెగ్యులేటరు కట్టేశాను. అవధాని గారి చేతిలోంచి అగ్గిపెట్టె తీసుకున్నాను. కిటికీ తెరవబోతే గడియ బిగుసుకుపోయింది, కొత్త రంగు. గవర్రాజు భుజంతో కొట్టాడు.

"అందరూ దిగండి! ముందు ఆడవాళ్ళు! స్విచ్చుల జోలికెళ్ళకండి బాబూ! తోసుకోకండి, ఇదే ఆఖరి స్టేజీ!"

దిగారు. అధ్యక్షుల వారు కూడా దిగారు.

*

విచారణ నివేదిక నా దగ్గర ఉంది. మంచి గద్యం. అందులో ముఖ్యమైన భాగం ఇది: "సదరు వ్యక్తి పరధ్యానపరుడని మండలి రికార్డుల ప్రకారం నిర్ధారణ అయి ఉన్నది. పరధ్యానపరునికి వాసన సకాలములో తెలియుట అసాధ్యము. కావున వాసన లేదు. వాసన లేనందున గ్యాసు వెలువడలేదు. హారతికి కలిగిన అంతరాయమునకు ఎవరూ బాధ్యులు కారు." ఆ తర్వాత ఒక కొత్త సర్క్యులరు వచ్చింది. ఇకపై పొంగిన పాలను "సమృద్ధి" అని నమోదు చెయ్యాలి. ఆ మీట మాట మాత్రం ఎక్కడా లేదు.

మార్కండేయులు గారు మాట తప్పలేదు. హెచ్చరిక రద్దయింది. సాక్షిని ఉపసంహరించారు. గవర్రాజు దగ్గర బిళ్ళ తీసేసుకున్నారు. నా తెల్లవారుజాము నాకు తిరిగి దక్కింది.

మొదటిరోజు నేను పండగలా లేచాను. వీధిలో ఎవరి గొంతూ లేదు. రెగ్యులేటరు తిప్పాను, పొయ్యి వెలిగించాను, మంట గిన్నె అడుగు దాటకుండా చూసుకున్నాను. పాల ముందు నిలబడ్డాను. ఇక ఆలోచించుకోవచ్చు. ఎవరూ చూడటం లేదు.

కిటికీ మీద బల్లి ఉంది. దానికి కొత్త తోక మొలుస్తోంది. దాని గురించి ఆలోచించడం మొదలుపెట్టాను. బల్లి స్థానంలో బస్సు వచ్చి ఆగింది. సమాధుల దొడ్డి దాటాక, మలుపులో, ఒకావిడ దిగింది. దిగి కండక్టరుకేసి తలెత్తి చూసింది. ఏమంది? ఎంత ఆలోచించినా ఆమె నోరు తెరవదు. ఏమని ఉంటుంది? అంతదాకా టికెట్టు తీసుకుని...

"హోల్డాన్!"

ఆ కేక నాదే. వంటింటి గోడలు అదిరాయి. మీట తిప్పేశాను. పాలు అంచు మీద ఒక్క క్షణం ఆలోచించి, వెనక్కి దిగాయి.

ఎదురు వాటా కిటికీ రెక్క తెరుచుకుంది.

"ఎవరండీ అదీ, స్టేజీ కానిచోట బస్సాపుతోంది?"

నేను కిటికీ దగ్గరికి వెళ్ళాను. గవర్రాజు ఒంటి మీద చొక్కా లేదు. ఆ వేళకే మేలుకుని ఉన్నాడు, అలవాటు పోనట్టుంది.

"ఇంతకీ ఆవిడ ఏమంది గవర్రాజు గారూ?"

"ఇక్కణ్ణించి అరిస్తే ఊరంతా వింటుంది మేష్టారూ. అది అరిచి చెప్పే మాట కాదు."

నేను వెనక్కి తిరిగి చూశాను. రాత్రి వేసిన డికాక్షను ఫిల్టరులో ఇద్దరికి సరిపడా దిగి ఉంది. వేసేటప్పుడు నా మనసు ఎక్కడుందో నాకు తెలియదు. మార్కండేయులు గారు అడిగితే చెప్పలేకపోయేవాణ్ణి.

"పాలు దించేశానే," అన్నాను.

"ఇంకో గ్లాసు పాలు పోసి మళ్ళీ పెట్టండి. సన్న సెగ మీద పెట్టండి. చొక్కా వేసుకుని వస్తున్నా."